మేస్త్రి మెచ్చిన ఇల్లు

మేస్త్రికి తోడల్లుడంటే పడదు. ఎందుకు పడదయ్యా అంటే చెప్పలేడు. తోడల్లుడు మంచివాడు. ఎనిమిదేళ్లు చిన్నవాడు. ఎదురుపడితే "అన్నయ్యా" అంటూ కూర్చున్నవాడల్లా లేచి నిలబడతాడు. అలా నిలబడినప్పుడల్లా మేస్త్రికి ఇంకా ఒళ్లు మండేది. తిట్టుకోవడానికి కూడా సందివ్వని మనిషిని ఏం చెయ్యాలి?

మేస్త్రిది మురుగు పైపులు వేసే పని. తోడల్లుడిది కళ్లజోళ్ల కొట్టు, అందుకని అందరూ అద్దాలాయన అంటారు. అక్కని మేస్త్రి చేసుకున్నాడు, చెల్లెల్ని అద్దాలాయన చేసుకున్నాడు. ఒకడు నడుం లోతు బురదలో దిగి సంపాదిస్తే, ఒకడు ఫ్యాను కింద కూర్చుని "ఈ అక్షరం కనపడుతోందాండీ" అని అడిగి సంపాదిస్తాడు. మేస్త్రి దృష్టిలో అదసలు పనే కాదు.

ఇరవై రెండేళ్లలో అద్దాలాయన కొన్న వస్తువు ఒక్కటీ మేస్త్రి నోట బాగుందనిపించుకోలేదు. స్కూటరు కొంటే, "ఆ చప్పుడేమిటోయ్, దగ్గొచ్చిన ముసలాడిలా" అన్నాడు. మంచం కొంటే నాలుగు మూలలా ఒత్తి చూసి, ఒక కాలు పొట్టి అన్నాడు. కొట్టుకి కొత్త బోర్డు కడితే రోడ్డుకవతల నిలబడి, మెడ వంచి చూసి, ఎడం పక్కకి వాలిందని చెప్పి వెళ్లిపోయాడు. చిత్రమేమిటంటే బోర్డు నిజంగానే వాలింది. మంచం కాలు నిజంగానే పొట్టి. మేస్త్రి వంక పెట్టడంలో కక్ష ఉండేది గాని అబద్ధం ఉండేది కాదు.

అలాంటిది, ఒకరోజు అద్దాలాయన వచ్చి, "అన్నయ్యా, ఇల్లొకటి చూశాను. మీరొకసారి వచ్చి చూస్తే గాని బయానా ఇవ్వను" అన్నాడు.

మేస్త్రి కాపురం పిండిమర మీద రెండు అద్దె గదుల్లో. మర తిరిగినంతసేపూ గ్లాసులు వాటంతటవే జరుగుతుంటాయి. ఊళ్లో సగం ఇళ్లకి పైపులు వేసినవాడికి, తనదనుకుని తిప్పుకోవడానికి ఒక్క కుళాయి లేదు.

మర్నాడు నలుగురూ వెళ్లారు. ఇల్లు అమ్మేది రిటైరైన లెక్కల మాస్టారు. ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, దాని వెనక చిన్న పెరడు. పెరటి గోడకవతల ఎప్పుడో మూతపడ్డ నూలు మిల్లు తాలూకు ఖాళీ స్థలం. అదంతా పచ్చగా, మనిషెత్తున ఏపుగా ఏదో పెరిగి ఉంది.

"ఆ పచ్చదనం వల్లే గాలి చల్లగా వస్తుంది" అన్నారు మాస్టారు.

"బావా, ఇటు చూడండి" అంది మరదలు వంటింట్లోంచి. "ఇక్కడ నిలబడితే పొయ్యి దగ్గర్నుంచే పెరడంతా కనపడుతుంది."

మేస్త్రి చూసింది పెరడుని కాదు, తన భార్యని. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఊచని వేలితో పైనుంచి కిందికి ఒకసారి నిమిరింది. తన రెండు గదుల్లో దేన్నీ ఆవిడ అలా ముట్టుకోగా ఆయన ఎరగడు.

అక్కడ ఇంక నిలవలేక పెరట్లోకి పోయాడు. పైపులు కలిసే గుంట మీది మూత ఎత్తి, వంగి చూశాడు.

పైపుల అతుకులోంచి పెన్సిలంత లావున ఎర్రటి మొలక పొడుచుకొచ్చి ఉంది.

మేస్త్రి తలెత్తి గోడవతలకి చూశాడు. వెదురులా కణుపులు, కాడ మీద ఎర్ర చుక్కలు. పైపుల పనివాళ్లు దాన్ని మొండికాడ అంటారు. ఎక్కడి నుంచో వచ్చిపడ్డ మొక్క. దాన్ని నరికితే ఇంకా రేగుతుంది. గోరంత వేరు ముక్క మట్టిలో మిగిలితే చాలు, మళ్లీ మొదలు. ఒక రొట్టెల దుకాణంలో మేస్త్రే స్వయంగా తవ్వి తీశాడు. మూడు నెలలు తిరక్కుండా స్నానాల గదిలో నేల పగలగొట్టుకుని లేచింది.

"ఏమోయ్" అని పిలవబోయాడు. అప్పుడే వంటింట్లోంచి అక్కాచెల్లెళ్ల నవ్వు వినపడింది.

మేస్త్రి మూత మూసేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఎలా ఉందన్నయ్యా?" అద్దాలాయన గుమ్మంలో నిలబడి అడిగాడు.

"బాగుంది."

"పైపులు?"

"బాగున్నాయి."

"గోడలూ అవీ?"

"నిక్షేపంలా ఉన్నాయి. కళ్లు మూసుకుని తీసుకో."

దారి పొడుగునా మేస్త్రి కాళ్లు నేల మీద లేవు. వచ్చే వానాకాలానికి వీళ్ల స్నానాల గది నేల లేస్తుంది. పరిగెత్తుకుని తన దగ్గరికే వస్తారు. తను వెళ్లి చూసి "అయ్యో" అంటాడు. ఎలా అనాలో కూడా ఒకటి రెండుసార్లు మనసులో అనుకుని చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక భార్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం?"

"ఇల్లు బాగుందన్నావట. పాతికేళ్ల నుంచి వండి పెడుతున్నాను, కూర బాగుందన్న పాపాన పోలేదు నువ్వు."

కింద మర తిరుగుతుంటే గ్లాసు పక్కకి జరిగింది.

పొద్దున్నే మళ్లీ నలుగురూ మాస్టారింట్లో. బల్ల మీద కాగితం. అద్దాలాయన పెన్ను మూత తీశాడు. కాగితం వంక కాసేపు చూశాడు. మూత మళ్లీ పెట్టేశాడు.

"మాస్టారూ, నేనీ ఇల్లు కొనలేను."

"అదేమిటండీ?" అంది అతని భార్య.

"మా అన్నయ్య బాగుందన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదు."

"బాగుందంటే మంచిదేగా నాయనా" అన్నారు మాస్టారు.

"మీకు మా అన్నయ్య సంగతి తెలీదు. ఇరవై రెండేళ్లలో ఆయన నా చెప్పుల్ని కూడా వదిలిపెట్టలేదు. ఏది కొన్నా ముందు ఆయనకి చూపిస్తాను. ఒక వంక పెడతారు. అదొక్కటి సరిచేయించుకుంటే చాలు, ఇంక దిగుల్లేదు. ఈ ఇంట్లో ఆయనకి ఒక్క వంకా కనపడలేదట. అంటే నాకు చెప్పలేనిదేదో కనపడింది." మేస్త్రి వైపు తిరిగాడు. "ఏం చూశారన్నయ్యా?"

ఆ గొంతులో కోపం ఉంటే మేస్త్రి ఎదురు తిరిగేవాడు. కోపం లేదు. పక్కన తన భార్య ఊరికే చూస్తోంది.

మేస్త్రి లేచి, "రండి" అన్నాడు.

మూత ఎత్తి మొలక చూపించాడు. గోడవతలది చూపించాడు. రొట్టెల దుకాణం సంగతి చెప్పాడు. మాస్టారు పాపం అంతా విని, "ఇన్నాళ్లూ గాలి చల్లగా వస్తోందనుకున్నాను" అన్నారు.

"నిన్న చూడలేదా బావా?" మరదలు అడిగింది.

మేస్త్రి మూత అంచు పట్టుకునే ఉన్నాడు. "చూశాను" అన్నాడు.

అద్దాలాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "దీన్ని వదిలించొచ్చా?"

"వదిలించొచ్చు. గోడ వెంబడి నడుం లోతు తవ్వి, ముక్క మిగలకుండా ఏరాలి. మళ్లీ ఇటు రాకుండా మందపాటి పలకలు దించాలి. ఆ తర్వాత నాలుగైదేళ్లు వారం వారం వెతకాలి. ఒక్క మొలక వదిలామా, అయిపోయింది."

"అంత శ్రద్ధగా ఎవరు వెతుకుతారు?"

మేస్త్రి భార్య గొంతు సవరించుకుంది. "నీ పెరట్లో తప్పులు వెతకడానికి ఈయన కంటే శ్రద్ధ ఎవరికుంది మరిదీ?" అంది.

మాస్టారు లెక్కల మనిషి. ఆ మొక్కకి తగ్గట్టు ధర ఆయనే తగ్గించారు. మేస్త్రికి అదింకో మంట. ముంచుదామని నోరు మూసుకుని, చివరికి వాడికి ఇల్లు చవగ్గా ఇప్పించాడు.

గోడ వెంబడి తవ్వకం మేస్త్రే చేశాడు. ఆ తర్వాత మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే గునపంతో వస్తున్నాడు. ఉంగరం పోగొట్టుకున్నవాడిలా గోడ పక్కన మోకాళ్ల మీద పాకుతాడు. మొలక దొరికిన రోజున మొహం వెలిగిపోతుంది. దొరకని రోజున టీ కూడా సయించదు. ఇప్పటికి ఆరు నెలలై ఒక్కటీ దొరకలేదు.

"ఏమైనా కనపడిందా అన్నయ్యా?" అద్దాలాయన రెండు గ్లాసులతో వచ్చాడు.

"లేదు" అన్నాడు మేస్త్రి దిగులుగా. నడుం పట్టుకుని లేచాడు. గోడ చూశాడు, నేల చూశాడు. వంటింటి కిటికీలో భార్య, మరదలు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. "అంతా బాగానే..."

అద్దాలాయన చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

మేస్త్రి అది గమనించాడు. మళ్లీ ఒకసారి చుట్టూ చూశాడు.

"...ఆ కిటికీ రెక్క కిందికి దిగింది. ఎవడు బిగించాడోగాని, వాడికి నీ కొట్లో కళ్లజోడు ఇప్పించు."

అద్దాలాయన ఊపిరి వదిలి, మెట్టు మీద కూర్చుని టీ తాగాడు.