కోడలు పలకని పేరు

నాలుగోసారి కూడా కంప్యూటరు అదే చెప్పింది: సైరాకుల్ పేరుతో ఏ ఎక్స్‌రే బొమ్మా లేదు. కుబాత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. నరీన్ కొండల్లోని ఈ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నాడు. ఫిల్ముల రోజులే నయం, రోగి దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు అన్నీ ఈ మిషను కడుపులోనే ఉంటాయట, అడిగితే మాత్రం కక్కదు.

బల్ల మీద డెబ్బై ఏళ్ళ సైరాకుల్ దగ్గుతూ కూర్చుంది. ఆమె ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. రెండేళ్ళ కిందటి బొమ్మలోనూ అంతే ఉందని తేలితే కోత అక్కర్లేదు, లేకపోతే రేపే ఆపరేషను. ఆమె బలహీనపు గుండె మత్తుమందును తట్టుకుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. పాత బొమ్మ కోసం రాజధాని బిష్కెక్‌లో డాక్టరు ఫోను పెట్టెయ్యకుండా కాచుకుని ఉన్నాడు.

"ఇక్కడే తీయించాం అన్నా, నా కళ్ళతో చూశా," అంది కోడలు నుర్జమాల్.

"మరి ఈ పేరు లేదే! అప్పుడు ఎవరు రాయించారు?"

"నేనే. పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయాం."

"ఏమని రాయించావ్?"

నుర్జమాల్ తల దించుకుంది. కుబాత్ నెత్తి కొట్టుకున్నాడు. ఈ కొండల్లో అత్త పేరు కోడలి నోట రాకూడదు కదా! ఇంట్లో తన భార్యదీ అదే తంతు. ముందే తట్టి చావలేదేం?

"మేం పిలిచేదే చెప్పా. అక్ ఎనే, తెల్లమ్మ అని," గొణిగింది నుర్జమాల్.

ఆ పేరు కొట్టగానే బొమ్మ వచ్చింది. మచ్చ అంతే ఉంది. గుర్రం మీంచి పడి విరిగి అతుక్కున్న పక్కటెముక కూడా రెండు బొమ్మల్లోనూ ఒకటే. కుబాత్ వెంటనే పంపేశాడు.

"పేరు వేరైతే నేనెలా ఒప్పుకోను?" అన్నాడు డాక్టరు. "రెండు పేర్లూ ఒక మనిషివేనని ఆ పేరు రాయించినావిడే అసలు పేరుతో సహా చెప్పాలి. ఫోను రికార్డవుతోంది."

కుబాత్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఫోను నుర్జమాల్ నోటి దగ్గర పెట్టాడు. పదకొండేళ్ళ కాపురంలో ఒక్కసారీ పలకని మాట. ఆమె అత్త వైపు తిరిగింది.

"చెప్పవే," అంది ముసలామె.

"అక్ ఎనే అంటే... సైరాకుల్."

"వినపడలేదమ్మా."

"సైరాకుల్."

"లైను బాలేదు, మళ్ళీ చెప్పు."

ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది. "గట్టిగా అరిచి చెప్పు! ఆయనకు చెవుడు, నాకింకా బతకాలనుంది."

"సైరాకుల్! మా అత్త పేరు సైరాకుల్!" నుర్జమాల్ ఏడుస్తూ అరిచింది. వరండాలో తమ అత్తలతో వరుస కట్టిన కోడళ్ళంతా చేతుల్తో నోళ్ళు మూసుకున్నారు.

"చాలు, చాలు," అన్నాడు డాక్టరు. "కోత వద్దు. ఇంటికి తీసుకెళ్ళు."