లేవి కట్టిన బండ

మగ్గం నేసే లక్ష్మన్నకు హాకీ అంటే పిచ్చి. ఆడింది ఎప్పుడూ లేదు. చిన్నతనంలో జబ్బుచేసి ఎడమకాలు సన్నబడిపోయింది. అయినా పొద్దు వాలేసరికి మగ్గం గుంతలోంచి లేచి, కుంటుకుంటూ వచ్చి, మిషన్ స్కూలు మైదానం పక్కనున్న అరుగు మీద చతికిలబడేవాడు. ఆట చూడటం ఒక పని, లోకం మీద తీర్పులు చెప్పడం ఇంకో పని. రెంటిలో ఏది ముఖ్యమో ఆయనకే తెలియదు.

క్రికెట్టంటే గిట్టదు. "ఎండలో నిలబడి సూస్తా ఉండే పనికి మనం చేనుకాడ కాపలావాన్ని పెడతాము. ఈ దొరలు అదే పని సోకుగా చేస్తాండారు" అనేవాడు. ఫుట్‌బాలు సంగతెత్తితే, తన్నడం గాడిదకు ఎవరూ నేర్పకుండానే వస్తుందని కొట్టిపారేసేవాడు. వాద్యాల్లో తప్పెట ఒక్కటే వాద్యం. హార్మోనీ పెట్టె అంటారా, అది ఉబ్బసం పట్టిన ముసలాయన. జంతువుల్లో మేకది తెలివంటే తెలివి. ఎవరు పెట్టినా తింటుంది, ఎవరినీ నమ్మదు. కుక్కంత బుద్ధిలేని జంతువు మాత్రం భూమ్మీద లేదు.

ఇన్ని మాటలూ ఒక్క మనిషిని గిల్లడానికే. ఆ మనిషి లేవి. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడు, లక్ష్మన్న ఈడువాడు, మిషన్ హాకీ జట్టులో ముందు నిలబడి గోల్స్ కొట్టేవాడు. ఆదివారం చర్చిలో హార్మోనీ వాయించేవాడు. కరియ అనే నల్లకుక్క అతని వెంటే తిరిగేది. బంతి కర్రకు దొరికితే చాలు, లేవి పెదాల మీద ఒక కీర్తన వరస ఈలగా మొదలయ్యేది. ఆ ఈల వేస్తూనే నలుగురిని తప్పించుకుని పోయేవాడు. పోతూపోతూ అరుగు వైపు తిరిగి అరిచేవాడు.

"గుంతలో కూచునేటోనికి ఏం తెలుసప్పా!"

అంతే. ఆ ఒక్క మాట వినడానికి లక్ష్మన్న పొద్దంతా కొత్త తీర్పులు కూడబెట్టుకునేవాడు.

ఆ మైదానంలో కొన్న కర్రలు ఏవో కొన్ని ఉండేవి. తక్కినవాళ్లు తమ కర్ర తామే పెంచుకునేవారు. మైదానం చివర నల్లతుమ్మలున్నాయి. లేత కొమ్మ ఒకటి చూసుకుని, కొసకు కిత్తనార తాడుతో బండ వేలాడదీస్తే, కొన్నేళ్లకు కొమ్మ వంగి గట్టిపడుతుంది. అప్పుడు కోసి చెక్కితే అంతకు మించిన హాకీ కర్ర లేదు. దానికో కట్టుబాటు ఉంది. కట్టినవాడే బండ దించాలి. కట్టినవాడు కన్నుమూస్తే అతని వాళ్లెవరైనా దించి కొమ్మను వదిలేయాలి. దించకపోతే పోయినవాడు ఆ బండకు కట్టుబడి అక్కడే తిరుగుతాడని కాంపౌండులో పెద్దలనేవారు. ఆ మాట బైబిల్లో ఎక్కడుందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

యుద్ధం నడుస్తుండగా లేవి పటాలంలో చేరాడు. పోయే ముందు ఒక తుమ్మకొమ్మకు బండ కట్టి, ముళ్లు గీసుకున్న చేతులు దులుపుకుంటూ, "ఇది వంగేలోపల వస్తా. సూస్తాండు లచ్చన్నా" అన్నాడు. తల్లి విశ్వాసమ్మనూ, పెళ్లయి ఏడాది కూడా నిండని కృపమణినీ ఇంట్లో వదిలి, కరియను అరుగు దగ్గర వదిలి బర్మా వైపు వెళ్లిపోయాడు.

తర్వాతి వానాకాలం ఒక ఆదివారం పాదిరి దావీదురాజయ్యగారు చర్చిలో నిలబడి, లేవి దళం ఒక నది దాటుతూ చెదిరిపోయిందనీ, లేవి ఆచూకీ లేదనీ చెప్పారు. చచ్చిపోయాడని ఆయన అనలేదు. బతికున్నాడని కూడా అనలేదు.

ఆ సాయంత్రం లక్ష్మన్న మైదానానికి వచ్చాడు. ఆటలేదు, ఎవరూ లేరు. వానకు నాని కిత్తనార తాడు పోగులు పోగులుగా తెగుతోంది, బండ నేడో రేపో పడిపోయేలా ఉంది. సూస్తాండు అన్నాడు కదా. లక్ష్మన్న ఇంటికి పోయి కొత్త తాడు తెచ్చి, ముళ్లు గుచ్చుకుంటున్నా లెక్కచేయక బండను మళ్లీ కట్టాడు. అరుగు మీద కూలబడి, ఏడుపు ఆపుకోవడానికి, ఉత్త మైదానం వైపు చూసి అన్నాడు: "హార్మోనీ కూడా ఒక వాద్యమేనా?"

"గుంతలో కూచునేటోనికి ఏం తెలుసప్పా!"

మైదానం మధ్యలోంచి వచ్చింది. ఆ వెంటే సన్నగా ఈల. కరియ చెవులు రిక్కించి లేచి నిలబడింది.

భయపడాల్సింది. లక్ష్మన్న భయపడలేదు. సంతోషపడ్డాడు, నిజం చెప్పాలంటే సంబరపడ్డాడు. బండ ఉన్నంతకాలం ఆ గొంతు ఉంటుందని ఆయన లెక్క వేసుకున్నాడు. అప్పటినుంచీ తాడు పాతబడితే చాలు, మిట్టమధ్యాహ్నం అందరూ నీడపట్టున ఉన్నప్పుడు వచ్చి కొత్త తాడు కట్టి పోయేవాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వాదించేవాడు. ఈల వినబడేది. ఒక్కోసారి బంతి కర్రకు తగిలిన చప్పుడు వినబడేది. ఇంటికి పోయి హాయిగా నిద్రపోయేవాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ కొత్త తాడు అందరికీ కనబడింది. లేవి వచ్చి తన బండ తనే కట్టుకుపోతున్నాడని కాంపౌండులో పుకారు లేచింది. ఆడవాళ్లు ఆ దోవన నీళ్లకు పోవడం మానేశారు.

యుద్ధం ముగిసింది. పోయినవాళ్లలో తిరిగొచ్చేవాళ్లు వచ్చారు. లేవి రాలేదు. రాయచోటి నుంచి బాలస్వామి అనే బడిపంతులు, భార్య పోయినవాడు, కృపమణిని చేసుకుంటానని కబురు పెట్టాడు. కృపమణి చాలా రోజులు ఆలోచించి సరేనంది.

చర్చిలో పెళ్లి ప్రకటన చదివిన మొదటి ఆదివారం లక్ష్మన్న బయట కిటికీ కింద కూర్చుని ఉన్నాడు. లోపలికి పోయే మతం కాదు, కానీ పాటలకు వంక పెట్టడానికి ప్రతివారం వచ్చేవాడు. అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమన్నారు. ఎప్పుడూ ఎవరూ చెప్పరు. ఆ రోజు విశ్వాసమ్మ లేచింది.

"నాకుండాదయ్యా. నా కొడుకు బతికే ఉండాడు. వాని బండ వాడే కట్టుకుంటాండాడు. పోయి సూడండి, తాడు కొత్తగా ఉండాది. మొగుడు బతికుండంగ దీనికి ఇంకో పెండ్లి యాడిది?"

చర్చిలో గుసగుసలు లేచాయి. అయ్యగారు పుస్తకం మూశారు. ఈ సంగతి తేలేదాకా ప్రకటన ఆపుతానన్నారు.

అందరూ వెళ్లాక కృపమణి కిటికీ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ముఖం మాత్రం జ్వరం తగిలిన మనిషి ముఖంలా ఉంది.

"అన్నా, నువ్వు రోజూ ఆడనే కూచుంటావు గదా. ఆయప్ప నిజంగా వస్తాండాడా? వస్తాంటే చెప్పు, యాడికీ పోను, ఈడనే పడుంటా. రాకుంటే అదన్నా చెప్పు, పోతా. బాయికాడికి పోతే జనం నన్ను సూసి పక్కకు జరుగుతాండారు. బతికినోని పెండ్లామా, సచ్చినోని పెండ్లామా, నాకే తెలీకుండా ఉండా."

ఆట మీద, పాట మీద, గొడ్డూగోదా మీద తడుముకోకుండా తీర్పులు చెప్పిన లక్ష్మన్నకు ఆ పూట నోట మాట రాలేదు. తన స్నేహితుడు తనతో మాట్లాడాలని తను కట్టిన తాడు ఈ పిల్ల మెడకు పడిందని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల దించుకున్నాడు. కృపమణి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే లక్ష్మన్న విశ్వాసమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో కొర్రలు చెరుగుతోంది.

"పెద్దమ్మా, ఆ తాడు నేను కట్టినదే. మొదట్నించీ నేనే."

ఆమె చేట ఆపలేదు. "తెలుసు నాయనా. నేతోళ్ల ముడి నాకు తెలీదా? మీ అమ్మ పక్కన కూచోని రాట్నం తిప్పినదాన్ని."

"తెలిసి కూడా చర్చిలో అట్లెందుకు చెప్తివమ్మా?"

"ఆ పిల్ల పోతే ఈ ఇంట్లో నాతో ఒక మాట మాట్లాడేదెవురు?" చేట పక్కన పెట్టింది. "నీతో వాడు మాట్లాడతాండాడంట గదా. ఆడ నీ అంతట నువ్వు అరుస్తాంటే జనం విన్నారు. నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"ఏమంటాడు?"

"హార్మోనీ మంచిదంటాడు. కుక్క మంచిదంటాడు. గుంతలో కూచునేటోనికి ఏం తెలుసంటాడు."

విశ్వాసమ్మ నవ్వింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. ముందుకు వంగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నన్నడిగినాడా?"

లక్ష్మన్న గుర్తు చేసుకున్నాడు. అడగలేదు. అమ్మ ఎట్లా ఉండాదని గానీ, కృప ఏం చేస్తాండాదని గానీ ఆ గొంతు ఏనాడూ అడగలేదు. తను విసిరిన మాటకు జవాబు తప్ప ఇంకేదీ చెప్పలేదు. అబద్ధం చెబితే ఆమెకు ఊరటగా ఉండేది. నోరు తెరిచాడు, అబద్ధం రాలేదు.

విశ్వాసమ్మకు అర్థమైపోయింది. "అడగలే గదా. వాడు ఊరికి పోయి వస్తే గడపలో కాలు పెట్టకముందే అమ్మా అని అరిచేటోడు. వాడే అయితే నన్ను అడగడా లచ్చన్నా?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "పో. దించుపో. వాని మనిషిగా నేనే దించల్ల, నాకు చేతులు రావు. నువ్వే దించు."

సాయంత్రం లక్ష్మన్న కొడవలి తీసుకుని తుమ్మ దగ్గరికి పోయాడు. ముళ్లు నరికి దోవ చేసుకుని, తన ముడి తనే విప్పాడు. బండ దబ్బున నేల మీద పడింది. బరువు పోయినా కొమ్మ పైకి లేవలేదు, వంగింది వంగినట్టే ఉండిపోయింది. ముదిరిన ఆ వంపును చేత్తో తడిమి, కోయడానికి మనసొప్పక కొడవలి కింద పెట్టాడు. అరుగు మీద కూర్చుని ఒక తీర్పు విసిరి చూశాడు. జవాబు రాలేదు. ఈల లేదు. కరియ మాత్రం పడిన బండను వాసన చూసి, దాని పక్కనే పడుకుంది.

తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రకటన మళ్లీ చదివారు. అభ్యంతరముంటే చెప్పమన్నప్పుడు లక్ష్మన్న కిటికీలోంచి తొంగిచూశాడు. చాప మీద విశ్వాసమ్మ తల వంచుకుని కూర్చుని ఉంది. ఆమె చెయ్యి కృపమణి చేతి మీద ఉంది. ఎవరూ లేవలేదు.

ఆ పొద్దు వాలాక లక్ష్మన్న అరుగు మీదికి వచ్చి, ఎవరూ లేని మైదానానికి చెప్పాడు.

"నీ పెండ్లాం పెండ్లి కుదిరింది లేవీ. అమ్మ ఒప్పుకున్యాది. నేను సూసుకుంటాలే అమ్మను." అలవాటు మానుకోలేక, "గొడ్లల్లో మేకే తెలివైంది. కుక్కకేముండాది?" అన్నాడు.

మైదానం మధ్యలో టక్కుమని బంతి కర్రకు తగిలింది.

కరియ ఒక్క ఉదుటున లేచింది. తోక ఊపుతూ మధ్యలోకి ఉరికి, ఎవరి మడమల వెంటనో పడినట్టు కుడికి తిరిగి, ఎడమకు తిరిగి, నలుగురిని తప్పించుకుపోయే మనిషి పక్కన పరుగెత్తినట్టు పరుగెత్తింది. గోల్ కొయ్యల మధ్యలోంచి దాటి, కొండల వైపు పోయే గండికోట దోవ పట్టింది. ఒక్కసారి కూడా అరుగు వైపు తిరిగి చూడలేదు.

ఇన్నేళ్లూ తను విన్నది తన మనసు గొంతేనని ఆ వారమంతా నమ్ముకున్న లక్ష్మన్న లేచాడు. కుంటికాలు ఈడ్చుకుంటూ కొయ్యల దాకా పోయాడు. దోవలో దుమ్ము తప్ప ఏమీ లేదు. బతుకంతా ఒక్క వాదన కూడా ఒప్పుకోని మనిషి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కొండలకేసి అరిచాడు.

"నువ్వు చెప్పిందే నిజం లేవీ! కుక్కే మేలప్పా! కుక్కే మేలు! నాకేం తెలుసు, గుంతలో కూచునేటోన్ని!"

చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు. కరియ తిరిగి రాలేదు.