వంద పక్కన నలభై

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే తమ ఊరి ప్రభకు ఇరవై ఏళ్లుగా లైట్లు కట్టింది రోశయ్యే. రెండువేల రెండులో మాత్రం కాలు విరిగి మంచమెక్కాడు. ఐటీఐ చదివిన కూతురు కోటేశ్వరి ఈసారి తను కడతానంది. ఊరి పెద్ద చెంచురామయ్య మీసాల్లో నవ్వుకుని, ప్రభ ఆరిపోయిందా, వచ్చే ఏటినుంచి నరసరావుపేట వాళ్లను పిలుస్తామన్నాడు. తండ్రి ఇరవై ఏళ్ల పేరు ఒక్క సాయంత్రం మీదికొచ్చింది. అయినా కోటేశ్వరి సరేనంది.

ఆ ఊళ్లో ఒక అలవాటుంది. ట్రాక్టరు మీద నిలబెట్టి ఊరేగించే అరవై అడుగుల వెదురు ప్రభకు బల్బులు ఊరివాళ్లే ఇస్తారు. ప్రతి బల్బు కిందా ఇచ్చినవాళ్ల పేరు చీటీ ఉండాల్సిందే. మిరప కోతల్లో ఊపిరాడకపోయినా వంద ఇళ్లవాళ్లు తలా ఒక నలభై వాట్ల బల్బు తెచ్చారు. చెంచురామయ్య ఒక్కడే వంద తెచ్చాడు, అన్నీ వంద వాట్లవి. పైగా ప్రతి నలభై పక్కనా తన వంద ఒకటి ఉండాలని హుకుం. తేడా అందరికీ తెలియాలి కదా మరి.

కోటేశ్వరి ట్రాక్టరు నీడన కూర్చుని లెక్క కట్టింది. మొత్తం పద్నాలుగు వేల వాట్లు. రెండువందల ముప్పై ఓల్టులతో భాగిస్తే అరవై ఒక్క ఆంపియర్లు. తెచ్చిన జనరేటరేమో నలభైకే చేతులెత్తేస్తుంది. బల్బులు తగ్గిద్దామంటే ఎవరి చీటీ పీకాలి? పొలం గట్టు జరిపినా ఊరుకుంటారేమో గానీ ప్రభ మీద పేరు తీస్తే ఆ ఊళ్లో ఎవరూ ఊరుకోరు.

ఒక్కటే దారి. రెండేసి బల్బులను ఒకదాని వెనక ఒకటి కలిపితే, రెండింట్లోంచీ ఒకే కరెంటు దాటాలి కాబట్టి లాగేది బాగా తగ్గుతుంది. పెద్దాయన హుకుం ప్రకారం జతంటే ఒక వంద, ఒక నలభై. ఓల్టేజీని కరెంటుతో భాగించి చూసింది. కరెంటుకు అడ్డు వందలో ఐదువందల ముప్పై ఓములు, నలభైలో పదమూడువందల ఇరవై. కరెంటు ఒకటే అయినప్పుడు ఎక్కువ అడ్డుపడేదే ఎక్కువ వెలుగుతుంది. నవ్వొచ్చింది గానీ, దాచడం తప్పనిపించి వెళ్లి పెద్దాయనకు చెప్పింది.

"పెదనాన్నా, ఇలా కడితే మీ వందలు మసగ్గా ఉంటాయి, వాళ్ల నలభైలే వెలుగుతాయి. మీవి మీవీ, వాళ్లవి వాళ్లవీ జత కలిపి కడతాను."

"వంద కంటే నలభై ఎక్కువ వెలుగుతుందా? నీకు లెక్కలు ఎవరు చెప్పారమ్మాయ్? నే చెప్పినట్టు కట్టు."

కట్టింది.

పొద్దు గూకాక జనరేటర్ వేశారు. కోటేశ్వరి చూపంతా మీటరు మీదే. పన్నెండున్నర ఆంపియర్లు. హమ్మయ్య అనుకుని తలెత్తింది. నలభైలు పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. వాటి పక్కన వందలు పండు మిరపకాయల్లా ఎర్రగా మిణుకుమంటున్నాయి. చదువు రాని హనుమాయమ్మ తన బల్బు ఏదో అడిగి తెలుసుకుని మురిసిపోయింది. తర్వాత దాని పక్కదాన్ని చూసి జాలిపడింది.

"ఎవరిదో పాపం, లేనివాళ్లనుకుంటా."

చెంచురామయ్య ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

కొండ దాకా ప్రభ ఒక్కసారి కూడా ఆరలేదు. మూడో రోజు పెద్దాయన రోశయ్యను పలకరించే నెపంతో వచ్చి కాసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు కోటేశ్వరిని గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, వచ్చే ఏడూ నువ్వే కట్టు. నా పేరు మీద మాత్రం ఆ నలభైల పక్కన అన్నీ జీరో బల్బులే పెట్టు. ఎవరికీ చెప్పకు."