అద్దం అవతల అత్తగారు

ఆ రోజే జ్వరం రావాలా నాకు! మూతపడ్డ మా హోటల్‌ని మళ్ళీ చూడటానికి తనిఖీ అధికారి వస్తున్న రోజే, తెల్లారి లేచేసరికి గొంతు మంట, ఒళ్ళు కాలిపోవడం, ఒకటే తుమ్ములు. మాత్ర వేసుకుని వండేస్తానని మొండికేశాను.

"ఒంట్లో బాగాలేనివాళ్ళు వంటగదిలో అడుగు పెట్టకూడదని ఈ ఇంట్లో రూలు పెట్టిందెవరు?" అన్నారు మా ఆయన, ఎంతో వినయంగా.

పెట్టింది నేనే. ఆయన్ని కొరికేద్దామన్నంత కోపం వచ్చింది. ఇక వండాల్సింది అత్తగారే. ఆ మాట తలుచుకోగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటారా? హోటల్ మూతపడిందే ఆవిడ చేతి వల్ల.

వంటలో ఆవిడకి తిరుగులేదు. ఆవిడ పెట్టే సూపు కోసం బస్సు డిపో డ్రైవర్లు భోజనాల వేళ మా గుమ్మంలో పడిగాపులు పడతారు. కానీ రుచి చూడాలంటే గరిటెతో కాస్త అరచేతిలో ఒంపుకుని నాకేస్తుంది. అదే చెయ్యి కొంగుకి రాసేసి, అదే చేత్తో ఉప్పు తీస్తుంది. పోయిన నెల తనిఖీకి వచ్చిన ఆ అధికారి కళ్ళెదుటే ఆ పని చేసింది.

"గరిటె నా నోటికి తగలనేలేదు. ఎంగిలి ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా?" అని పోట్లాటకి దిగింది కూడా.

"గరిటె తగల్లేదమ్మా, చెయ్యి తగిలింది. ఆ చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్ళింది" అన్నాడాయన. దానికితోడు వండిన అన్నం పొద్దున్నుంచీ గోరువెచ్చగా బయటే పడి ఉంది. తలుపు మీద మూసివేత నోటీసు అంటించి, ఇంకోసారి ఇలాంటిది కంటపడితే లైసెన్సు రద్దేనని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ ఇంట్లో నా గొంతు తప్ప ఇంకోటి వినపడితే ఒట్టు. వంటగదికీ హాలుకీ మధ్య గోడ కొట్టించి అద్దాల కిటికీ పెట్టించాను. రుచికి చిన్న చెంచాలు కొన్నాను. ఒక చెంచా ఒక్కసారే, వెంటనే అంట్ల తొట్టిలో పడెయ్యాలి. చెయ్యి నోటి దాకా వెళ్ళిందా, సబ్బుతో కడగాలి. ఇంట్లో చారు రుచి చూసినా వెనకాలే నిలబడి అరిచాను. అత్తగారు నాకు పోలీసమ్మ అని పేరు పెట్టింది.

అధికారి రానే వచ్చాడు. తెల్ల కోటు, తలకి టోపీ, చేతిలో టార్చి. నేను మాస్కు కట్టుకుని హాల్లో, అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. పళ్ళేలు అందించే సందులోంచి లోపలి మాటలు చక్కగా వినిపిస్తున్నాయి. బయట డ్రైవర్లు అప్పుడే పోగయ్యారు.

ఫ్రిజ్ తెరిచాడు. థర్మామీటరు పెట్టాడు. మా ఆయనకి చెమటలు. సరిగ్గానే ఉందన్నాడు. అన్నం గిన్నె చూశాడు, పొగలు కక్కుతోంది. కత్తులు, పీటలు, నేల మూలలు, ఒక్కచోటా మాట పడలేదు. అత్తగారు మోచేతుల దాకా చేతులు కడిగి, సూపు కలిపి, చిన్న చెంచాతో రుచి చూసి, దాన్ని ఠంగుమని తొట్టిలో పడేసింది. అబ్బ! నా జ్వరం సగం దిగిపోయింది. "అదీ! మా అత్తగారంటే ఏమనుకున్నారు!" అని గట్టిగానే అనేశాను.

అధికారి తొట్టి కిందికి వంగి టార్చి వేశాడు. పక్కనే మా ఆయనా వంగారు. సరిగ్గా అప్పుడే సూపు బుసబుసా పొంగింది. అత్తగారు కంగారుగా మంట తగ్గించి, గరిటెతో తిప్పి, ఆ హడావుడిలో ఇంత అరచేతిలో ఒంపుకుంది. నాకింది. ఉప్పు చాల్లేదు కాబోలు, అదే చేత్తో డబ్బాలోంచి చిటికెడు తీసి గిన్నెలో వేసేసింది.

నేను అద్దానికి అతుక్కుపోయాను.

ఆవిడకి తెలిసింది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తలెత్తి అద్దంలోంచి నన్ను చూసింది. వాళ్ళిద్దరి వీపులూ ఇటే ఉన్నాయి, ఎవరూ చూడలేదు. నేను తల అడ్డంగా ఊపాను. పెదాల మీద వేలు పెట్టాను. చెప్పకండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి!

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, పొయ్యి కట్టేసింది.

"బాబూ, ఈ సూపు పనికిరాదు. పారబోస్తున్నా" అంది.

అధికారి లేచాడు. "ఏమైందమ్మా?"

"పాత బుద్ధి. చెయ్యి నాకి, కడక్కుండానే ఉప్పు తీశాను. ఆ ఉప్పూ పనికిరాదు."

"నేను చూడలేదే!"

"మీరు చూడలేదు. మా కోడలు చూసింది. అదిగో, పారబొయ్యమని అక్కణ్ణుంచి ఒకటే సైగలు. దాంతో పడలేం బాబూ."

ఆయన గిరుక్కున నా వైపు తిరిగాడు. నా వేలు ఇంకా పెదాల మీదే ఉంది! గబుక్కున దించి తొట్టి వైపు చూపించాను, మాస్కు పైనుంచి మహా కోపంగా కళ్ళు ఉరిమి.

గిన్నెడు సూపు తొట్టి పాలైంది. ఉప్పు చెత్తబుట్ట పాలైంది. మా ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటూనే కూరగాయలు కడగడం మొదలుపెట్టారు. అధికారి కాగితాలు మూసి, గోడకి ఆనుకుని, "మళ్ళీ వండండి, చూస్తాను" అన్నాడు. ఇక చూడాలి ఆ పరుగులు! కత్తి టకటకలు, కుళాయి చప్పుడు, నేను సందులోంచి "చేతులు! చెయ్యి కడగండి!" అని కేకలు. అత్తగారు రుచి చూసిన ప్రతిసారీ చెంచా ఠంగు, ఠంగు. ఆ చప్పుడుకి నేను ఎగిరి గంతులేశాను.

చివరికి ఆయన హాల్లోకి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"రూల్సు అందరూ చెప్తారమ్మా. వండిన గిన్నె పారబోయించే మనిషిని ఇప్పుడే చూశాను. తెరుచుకోండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు మీది నోటీసు తనే చింపేశాడు. బయట డ్రైవర్లు ఈలలు!

మా ఆయన బల్లలు సర్దడానికి పరుగెత్తారు. అత్తగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ సందు దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, నేను చెప్పొద్దని కదా సైగ చేసింది."

"నేనేమన్నా గుడ్డిదాన్నా? చూశాలే."

"మరి ఆయనతో అలా ఎందుకన్నారు?"

"నా చెయ్యి మంచిది కాదని ఆయనకి ముందే తెలుసు, కొత్తగా పోయే పరువేముంది? రేపట్నుంచి ఈ వంటగదిలో అరవాల్సింది నువ్వు. నెలంతా అరిచిన మాట నువ్వే మింగేశావని మావాడికి తెలిస్తే, వాడు నీ మాట వింటాడా? నేను వింటానా?"

బయట జనం తలుపు తోసుకుని వస్తున్నారు. ఆవిడ గరిటె అందుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. పరుగెత్తుకెళ్ళి గట్టిగా వాటేసుకోవాలనిపించింది. జ్వరంతో వంటగదిలో అడుగు పెట్టకూడదు కనక, అక్కడే కుర్చీలో కూలబడి, అందరూ చూస్తుండగానే హాయిగా ఏడ్చాను.