డాలు బాబాయి

డాలు బాబాయి ఆ మధ్యాహ్నం నలభై ఒకటోసారి చచ్చిపోయాడు. వంతెన మీద తోడేళ్ళ గుంపు మీదపడితే, ఎప్పటిలాగే ఆవిడ కంటే నాలుగడుగులు ముందుకురికి, డాలు అడ్డం పెట్టి, కాట్లన్నీ తానే తిని, "నువ్వు పద తల్లీ" అని కూలబడ్డాడు. ఆవిడ వంతెన దాటి, అవతలున్న నెగడు దగ్గరికి చేరి మీట నొక్కింది. డాలు బాబాయి లేచాడు. మోకాళ్ళు దులుపుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ ఆటలో ఆవిడకి నచ్చిన సౌకర్యం అదొక్కటే.

ఆట కూతురిది. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న ఆ పిల్ల, తల్లి నెల రోజులుగా ముందుగది గోడకేసి చూస్తూ కూర్చోవడం చూసి చూసి, ఒకరోజు టీవీకి ఆట తగిలించి, రిమోటు లాంటి మీటలది చేతిలో పెట్టింది. "గోడ ఎలాగూ కదలదమ్మా. కనీసం కదిలేదేదైనా చూడు" అంది. ఆటలో మనమొక మనిషిని. ఊళ్ళు తిరగాలి, రాక్షసుల్ని కొట్టాలి, పోయిన కిరీటమొకటి వెతకాలి. ఆ కిరీటం ఎవరిదో, అంత పెద్ద వస్తువుని ఎలా పోగొట్టుకున్నారో ఆవిడ అడగలేదు. పెళ్ళయి పాతికేళ్ళయిన మనిషికి, ఒకరు పోగొట్టినవి తను వెతకడం కొత్తేమీ కాదు. తోడుగా ఒకడొస్తాడు. నెరిసిన గడ్డం, బాన పొట్ట, తలుపంత డాలు, నడుముకో కత్తి. ఆట తయారుచేసినవాళ్ళు అతనికి పెట్టిన పేరుకి నోరు తిరక్క, ఆవిడే డాలు బాబాయి అని పిలుచుకుంది.

ఏడవమని అందరూ చెప్పారు. ఏడిస్తే తేలికవుతుందన్నారు. ఆవిడ ప్రయత్నించకపోలేదు. కానీ పళ్ళ డాక్టరు సూదిమందు ఇచ్చాక దవడ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. అన్నం వండుతోంది, బట్టలు ఆరేస్తోంది, నీళ్ళ మోటారు సరిగ్గా టైముకి కడుతోంది. ఇవన్నీ ఎవరో చేస్తున్నట్టు, తను పక్క నుంచి చూస్తున్నట్టు.

ఆయన కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటరు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఎండాకాలంలో కూడా స్వెట్టరుతో బయల్దేరితే వీధిలో పిల్లలు నవ్వేవారు. ఆ రోజు అమ్మోనియా లీకై సైరన్ మోగింది. అందరూ గేటు బయటికి పరిగెత్తారు, ఆయనా వచ్చారు. వచ్చినవారు మళ్ళీ లోపలికి వెళ్ళారు. గంట తర్వాత, మొహాలకి ముసుగులేసుకున్న ఫైరువాళ్ళు ఆయన్ని నడవలో ప్రాణం లేకుండా పడి ఉండగా చూశారు. ఆ నడవకి ఒక చివర కంప్రెసర్ గది. రెండో చివర భోజనాల గది. అమ్మోనియా వచ్చే మెయిన్ వాల్వు కట్టేసి ఉంది. అది కట్టిందెవరంటే ఎవరి జ్ఞాపకం వాళ్ళది.

కంపెనీవాళ్ళు మాత్రం తేల్చేశారు. వాల్వు కట్టడానికే వెళ్ళాడన్నారు. కట్టి ఉండకపోతే వెనక ఉన్న కాలనీకి ఏమయ్యేదో అన్నారు. గేటు పక్కన రాతి పలక పెట్టిస్తామన్నారు, దాని మీద పేరు, కింద "వీరుడు" అని. భార్య సరేనంటే చాలు.

ఆ ఒక్క సరే ఆవిడ నోటంట రావడం లేదు. మేనేజరు ఫోను మోగితే మోగనిస్తోంది.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సంగతి ఇదీ. ఆయన క్యారేజీలు పోగొట్టే మనిషి. ఒకటి బస్సులో, ఒకటి టీ కొట్టులో, ఇంకొకటి ఎక్కడో ఆయనకే తెలీదు. నాలుగోది, నాలుగు గిన్నెలది, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆ రోజు పొద్దున్న చేతికిస్తూ, "ఇది గానీ లేకుండా వచ్చారంటే గుమ్మం తొక్కనివ్వను" అంది. నవ్వుతూ కూడా అనలేదు. తర్వాత కంపెనీ నుంచి ఆయన సంచీ వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, రెండో స్వెట్టరు వచ్చింది. క్యారేజీ రాలేదు. అడగొచ్చు. అడిగితే ఎందుకంటారు. గేటు బయట నిలబడి, ఖాళీ చేతులు చూసుకుని, భోజనాల గది వైపు వెనక్కి తిరిగిన మనిషి ఆరు వారాలుగా ఆవిడ కళ్ళ ముందు నడుస్తూనే ఉన్నాడు. అతని పేరు కింద "వీరుడు" అని రాయి ఎలా పెట్టడం?

మూడింటికి ఆడపడుచు వచ్చింది. యాభై దాటినా ఇంటిల్లిపాదికీ ఇప్పటికీ పాపే. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మేనేజరు ఇక నాకు ఫోను చేస్తున్నాడు వదినా. సోమవారం లోపల చెప్పాలట. రాయి చెక్కేవాడు తర్వాత దొరకడట."

"రాయి ఎక్కడికీ పోదులే పాపా."

"రాయి పోదు, చెక్కేవాడు పోతాడు. అన్నట్టు గేటు దగ్గర ఆ వాచ్‌మన్ ఉన్నాడు చూడు, ఇవాళే డ్యూటీలో చేరాడట. ఆ రోజు గ్యాసు పీల్చి ఇన్నాళ్ళూ ఆస్పత్రిలోనూ, కూతురింట్లోనూ ఉన్నాడు పాపం." కుర్చీ లాక్కుని టీవీ వైపు చూసింది. "వీడేంటి, మళ్ళీ చచ్చాడా?"

"ఇప్పుడే లేచాడు."

"ఎంత మంచివాడో. ఒక్కసారైనా వెనక్కి తగ్గాడా చెప్పు? వీరుడంటే వీడు. అచ్చం మా అన్నయ్యే."

భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్‌లో తల దూర్చిన కూతురు తల ఎత్తకుండానే అంది. "వాడు వీరుడేంటత్తా? అలా చెయ్యమని రాశారు, చేస్తున్నాడు. తలుపు తీస్తే ఫ్రిజ్జులో లైటు వెలుగుతుంది. ఫ్రిజ్జుకి దండ వేస్తామా?"

"ఫ్రిజ్జు కుక్కకాట్లు తింటుందటే?"

"అవి తోడేళ్ళత్తా."

"ఏవైతేనేం, కరిచాయా లేదా? ముందు నిలబడ్డవాడు వీరుడు. ఎందుకు నిలబడ్డాడని ఆరా తీసేవాళ్ళు వెనకున్నవాళ్ళు."

"ఎందుకన్నదే అసలు సంగతి అత్తా. భయం ఉండాలి, పారిపోయే వీలుండాలి, అయినా ఉండిపోవాలి. వీడికి రెండూ లేవు."

"మీ నాన్నకి ఉన్నాయా మరి?"

పిల్ల మళ్ళీ లాప్‌టాప్‌లో తల దూర్చింది. పాప అనేశాక నాలుక కరుచుకుంది. ఆవిడ చేతిలో మీటలది అలాగే ఉంది. టీవీలో నెగడు మండుతూనే ఉంది.

"ఎవరూ చెప్పకపోతే ముందుకెళ్ళడా?" అనడిగింది ఆవిడ.

కూతురు లేచి వచ్చి, తల్లి చేతిలోంచి మీటలది తీసుకుని, తెర మీది పటం పక్కన ఏదో తెరిచింది. తోడున్నవాడు ఏం చెయ్యాలి అన్న ప్రశ్న. కింద మూడు జవాబులు. ఎప్పుడూ ముందుండు. నీ ఇష్టం. వెనకే ఉండు. మొదటిదాని పక్కన పచ్చ చుక్క ఉంది.

"నువ్వే పెట్టావమ్మా. మొదటిరోజు."

"నేనేం పెట్టలేదే."

"పెట్టావు. ఏం అడుగుతున్నాడో చదవకుండా అన్నిటికీ పైదే నొక్కుకుంటూ పోయావు. గ్యాసు కంపెనీ వాడి కాగితాలు నింపినట్టు."

నిజమే. ఆవిడ అన్ని కాగితాల్లోనూ పైదే కొడుతుంది, పని త్వరగా తెములుతుందని. అంటే నలభై ఒక్కసార్లూ అతను తనంతట తాను వెళ్ళలేదు. ఆవిడ చెబితే వెళ్ళాడు. చెప్పినట్టు ఆవిడకే తెలీదు.

"అది తీసెయ్" అంది.

కూతురు పచ్చ చుక్కని "నీ ఇష్టం" మీదికి జరిపి, మీటలది తల్లికిచ్చింది. ఆవిడ మళ్ళీ వంతెన ఎక్కింది. తోడేళ్ళు వచ్చాయి. డాలు బాబాయి వంతెన మొదట్లోనే నిలబడ్డాడు. ఒకసారి గడ్డం గోక్కున్నాడు. ఆకాశం వైపు చూశాడు. తోడేళ్ళు ఆవిడని నాలుగు వైపుల నుంచీ పీకుతుంటే, "ఇవాళ గాలి బాగుంది" అన్నాడు.

పాప గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓరి నీ అసాధ్యం కూలా! వీడి కోసమా నేను కన్నీళ్ళు పెట్టుకుంది?"

"చెప్పానుగా" అంది కూతురు, మెల్లగా.

టీవీ తెర ఎర్రబడి, ఆవిడ చచ్చిపోయినట్టు చూపించింది. పెద్ద తేడా ఏమీ తెలీలేదు ఆవిడకి. ఇంకో సంగతి మాత్రం తెలిసింది. డాలు బాబాయి వీరుడు కాడు, చెడ్డవాడూ కాడు. ఎవరి మాట మీదో కదిలే మనిషి. ఆయనా అంతే అయితే, పొద్దున్న గుమ్మంలో తన నోటంట వచ్చిన మాట మీదే కదిలి ఉంటారు. ఆయన దగ్గర కూడా పైదే నొక్కేసిందన్నమాట తను, చదవకుండా.

గంట మోగింది. కూతురు వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఖాకీ చొక్కా, లోపల సగం మిగిలిన మనిషి. నాలుగు మెట్లెక్కినందుకే ఆయాసం. చంకలో గుడ్డసంచీ.

"నేనమ్మా, గేటు వాచ్‌మన్‌ని. షిఫ్టు దిగి ఇటే వస్తున్నా." కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. సంచీలోంచి క్యారేజీ తీసి బల్ల మీద పెట్టాడు. "నా గదిలో బీరువాలో ఉండిపోయింది. తాళంచెవి నా దగ్గరే. ఇవాళ తెరిచి చూస్తే ఇది. అక్కడే కుళాయి దగ్గర మూడుసార్లు తోమానమ్మా. అయినా కాస్త వాసన వస్తే ఏమనుకోకండి."

ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆవిడ కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"నీ దగ్గరికి ఎలా వచ్చింది?" అంది పాప.

"సారే ఇచ్చారండీ. సైరన్ మోగగానే అందరూ ఎలా ఉన్నవాళ్ళు అలా పరిగెత్తుకొచ్చారా, సారొక్కరే క్యారేజీతో వచ్చారు. మేం నవ్వాం కూడా. అంతలో సార్ అందర్నీ చూసి, మెయిన్ వాల్వు ఎవరు కట్టారన్నారు. నువ్వంటే నువ్వనుకున్నాం. ఎవరూ కట్టలేదు. సార్ ఇది నా చేతిలో పెట్టారు. 'జాగ్రత్తగా పట్టుకో, ఇది పోతే మా ఆవిడ గుమ్మం తొక్కనివ్వదు. ఇప్పుడే వస్తా' అన్నారు."



"ఎవరైనా వెళ్ళమన్నారా?" అంది ఆవిడ.

"ఎవరంటారమ్మా? మిగతావాళ్ళు అప్పటికే రోడ్డెక్కేశారు, నేను వద్దనే అన్నాను. చొక్కా కూడా పట్టుకున్నాను. ఇది గదిలో బీరువాలో పెట్టి తాళమేసి, కొంత దూరం వెనకాలే వెళ్ళాను కూడా, కళ్ళు మండిపోయి పడిపోయాను."

"ఆయన భయపడ్డారా?"

వాచ్‌మన్ క్యారేజీ వైపు చూశాడు. "ఇది ఇచ్చేటప్పుడు గిన్నెలు గలగల్లాడాయి."

పాప చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కుతోంది. కూతురు వాచ్‌మన్‌కి మంచినీళ్ళిచ్చి, గ్లాసు అతను తిరిగి ఇచ్చినా పట్టుకునే నిలబడింది. ఆవిడ లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. గొళ్ళెం తీసి, గిన్నెలు ఒక్కొక్కటీ దింపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పైమూత ఉంది. చెంచా కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఆయన చేతికిచ్చిన క్యారేజీ చెంచాతో సహా తిరిగి రావడం ఇదే మొదలు.

ఇన్నాళ్ళూ తన మాటే ఆయన్ని లోపలికి తోసిందనుకుంది. తన మాట గేటు దగ్గరే ఆగిపోయింది. ఆయన దాన్ని విని, జాగ్రత్తగా వాచ్‌మన్ చేతిలో పెట్టి, ఎవరూ చెప్పని పని మీద వెళ్ళిపోయారు. తేలికవ్వాలి. తేలికవ్వలేదు. దవడలో మత్తు దిగడం మొదలైనప్పుడు ఎక్కడో ఒక్క సూది పొడిచినట్టుంటుంది, అంతే. పొడిచింది. అది దుఃఖమో, కోపమో ఇంకా తెలీదు. ఇంత పదిలంగా క్యారేజీ దాచినవాడికి దాని యజమానురాలు గుర్తు రాలేదా? గుర్తొచ్చింది. అందుకే గిన్నెలు గలగల్లాడాయి. అయినా వెళ్ళారు.

వాచ్‌మన్ వెళ్ళాక పాప ముక్కు తుడుచుకుంటూ ఫోను కలిపి ఇచ్చింది. ఆవిడ తీసుకుంది.

"రాయి పెట్టించండి" అంది మేనేజరుతో. "వీరుడని మీరు రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాని పైన ఇంకో ముక్క రాయాలి. ఎవరూ వెళ్ళమనకపోయినా వెళ్ళాడని. అక్షరాలు ఎక్కువవుతాయా? అయితే వీరుడన్నది తీసెయ్యండి."



ఆవిడ గిన్నెలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి, గొళ్ళెం వేసి, క్యారేజీని వంటింట్లో పై అరలో పెట్టి వచ్చింది. వచ్చి టీవీ ముందు కూర్చుంది. డాలు బాబాయి వంతెన దగ్గర ఇంకా గాలిని మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆవిడ ఈసారి మూడు జవాబులూ చివరిదాకా చదివింది. చదివి "వెనకే ఉండు" మీద నొక్కి, అతని కత్తి తను తీసుకుని వంతెన ఎక్కింది.

"అమ్మా, చచ్చిపోతావు" అంది కూతురు.

"చూద్దాంలే."

డాలు బాబాయి కదల్లేదు. చెప్పిన మాట విన్నాడు.