మిల్లీమీటరున్నర

పాత ఫుట్‌బాల్ కార్డులు ఆన్‌లైన్‌లో అమ్ముకుంటాను నేను. పన్నెండేళ్ళుగా ఇదే నా బతుకుతెరువు. మూల నలిగితే నలిగిందని, వెనక టీ మరకుంటే ఉందని ముందే రాసేస్తాను. కొనేవాళ్ళు నన్ను ముద్దుగా మరకలక్క అంటారు. నేనేం చిన్నబుచ్చుకోను.

నా మంటంతా మెరుగు మాస్టారి మీదే. ఆ బిరుదు నేనిచ్చిందే. నలభై ఏళ్ళ నాటి కార్డు ఆయన చేతిలో పడితే చాలు, నిన్న అచ్చయినట్టు తయారవుతుంది. మడత మాయమవుతుంది, మూలకు రంగొస్తుంది, అరిగిన అంచు పదునెక్కుతుంది. దాన్ని గ్రేడింగు కంపెనీకి పంపుతాడు. వాళ్ళు కొలిచి, చూసి, పదికి ఇన్నని మార్కులు వేసి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేస్తారు. ఆయన కార్డులన్నిటికీ తొమ్మిదే. నాకు ఎంత అనుమానమున్నా, నిరూపించలేక పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాను.

ఈమధ్య నాకొక గోల్‌కీపరు కార్డు దొరికింది. బంతి కోసం గాల్లోకి లేచిన మనిషి, కింద వెడల్పాటి తెల్ల అంచు. "అడుగు అంచు ఎక్కువ, నాలుగుకు మించి మార్కులు రావు" అని రాసి అమ్మకానికి పెట్టాను. అదే గోల్‌కీపరు కార్డులు మాస్టారి దగ్గర ఆరున్నాయి. మర్నాడే ఆయన నా మీద సైటుకు ఫిర్యాదు చేశాడు. అసలు కొలత కంటే మిల్లీమీటరున్నర పొడుగుంది కాబట్టి నాది నకిలీయట. సైటు వాళ్ళు నా ఖాతా ఆపేశారు. వారంలోగా అసలుదని రుజువు చేయాలి, లేకపోతే ఇక ఎప్పటికీ అక్కడ అమ్మడానికి వీల్లేదు.

నా ఒళ్ళు మండిపోయింది. కోపంలో ఆయన కాస్తా వాడయ్యాడు. కార్డులు చెక్కేవాడు నన్ను నకిలీ అంటాడా! కానీ స్కేలు పెట్టి చూస్తే వాడు చెప్పిన కొలత నిజమే. అప్పుడు మాత్రం భయం వేసింది.

మా అమ్మ ప్రెస్సులో పాతికేళ్ళు కాగితం కోసే మిషను మీద పనిచేసింది. ఆ మోతకు చెవులు మందగించి, ఎంత రహస్యమైనా వీధంతా వినిపించేలా చెబుతుంది. నేను అమ్మేవి ఏవో ఆటగాళ్ళ బొమ్మలని తప్ప ఏనాడూ పట్టించుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం నన్ను అన్నానికి పిలవడానికొచ్చి, బల్ల మీది కార్డు చేతిలోకి తీసుకుంది.

"ఇదెక్కడిదే నీకు?"

"ఎక్కడిదైతేనేంలే, నా కొంప ముంచింది."

అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అడుగు అంచు మీద బొటనవేలు నడిపింది. ముఖం ఎర్రబడింది.

"ఇది నేను కోసిందే. తప్పు కోశాను."

షీటుకు నాలుగు వరసలట. చివరి వరసకి వచ్చేసరికి మిషను వెనక, కాగితం ఆనించే అడ్డపట్టీ జరిగిపోయింది. ఆమె చూసుకోలేదు. ఆ వరసంతా గోల్‌కీపరే. మళ్ళీ అచ్చేయడానికి టైము లేక ఓనరు అలాగే పంపించేశాడు.

"ఎన్ని తప్పొచ్చాయమ్మా?"

"మొత్తం లాటు! అందరి ముందూ నాతో చీటీ రాయించాడు మహానుభావుడు. తప్పు ఎవరు చేసినా అంతే. పాడైన ముక్క ఆ చీటీకి అంటించి ఫైల్లో పెట్టేవాడు, జన్మలో మళ్ళీ నోరెత్తకుండా."

అమ్మకది నలభై ఏళ్ళ సిగ్గు. నాకు మాత్రం గంతులేయాలనిపించింది. చెప్పులు సరిగ్గా వేసుకోనివ్వకుండానే ఆమెను ఆటో ఎక్కించాను.

ప్రెస్సు ఇప్పుడు ఓనరు కూతురి చేతిలో ఉంది. మందుల డబ్బాలకు లేబుళ్ళు వేస్తోంది. "నాన్న ఏదీ పారేయనివ్వలేదత్తా, తిట్టుకుంటూనే ఉంచాను" అంటూ ఇనప బీరువా తెరిచింది. ముగ్గురం తుమ్ముతూ వెతికాం. నాలుగో ఫైల్లో అమ్మ గుండ్రటి అక్షరాలు కనిపించాయి. "అడ్డపట్టీ జరిగినది చూసుకోలేదు. గోల్‌కీపరు కార్డులు మొత్తం అడుగున మిల్లీమీటరున్నర ఎక్కువ వచ్చినవి." కింద తేదీ, సంతకం, ఓనరు ముద్ర, జిగురుతో అంటించిన మూడు కార్డులు.

ఆరో రోజు వీడియో కాల్‌లో విచారణ జరిగింది. ఒక కిటికీలో సైటు పరిశీలకురాలు, ఇంకో దాంట్లో మాస్టారు, మూడో దాంట్లో అమ్మా నేనూ. చీటీ చూపించాం, చదివాం. మాస్టారు నవ్వాడు.

"పెద్దావిడ, పాపం. వేలల్లో ఒక్కటైనా సరిగ్గా వచ్చుండదా అమ్మా?"

"ఒక్కటి సరిగ్గా వచ్చినా మా ఓనరు ముందు నేను ఊరుకునేదాన్నా? మొత్తం అని రాసి సంతకం పెట్టేదాన్నా?" అంది అమ్మ. పక్కింటివాళ్ళు కూడా విన్నారనుకుంటాను. "సరిగ్గా ఉందంటే తర్వాత ఎవరో కోసినట్టే బాబూ. అంచు చూడండి. పాత కోత పసుపెక్కుతుంది, కొత్త కోత తెల్లగా ఉంటుంది."

నా కార్డుతో పోల్చడానికని సైటు వాళ్ళు మాస్టారి గోల్‌కీపరు కార్డొకటి ముందే తెప్పించుకున్నారు. పరిశీలకురాలు డబ్బీని భూతద్దం కిందికి జరిపి, ఆ బొమ్మ మా అందరికీ కనబడేలా పెట్టింది. మూడు అంచులు పసుపు. అడుగుది పాలలా తెలుపు. మాస్టారు ఏదో గొణిగాడు, ఆ తర్వాత అతని కిటికీ ఆరిపోయింది.

నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. మర్యాద కాదని తెలుసు, అయినా కొట్టాను. నా ఖాతా అప్పటికప్పుడే తెరిచారు. మాస్టారి దుకాణం మూసేశారు. అతను పంపిన ప్రతి కార్డునూ గ్రేడింగు కంపెనీ మళ్ళీ పరీక్షిస్తుందట. ఇకమీదట ఈ గోల్‌కీపరు కార్డుకు మిల్లీమీటరున్నర ఎక్కువుంటేనే అసలుదని అందరికీ ప్రకటన పంపుతారట.

"ప్రకటనలో మీ మాట వేస్తున్నామమ్మా. మీరు ఏ పని చేసేవారని రాయమంటారు?" అని అడిగింది పరిశీలకురాలు.

అమ్మ తడుముకుంది. ప్రెస్సులో మిషను నడిపే మగవాళ్ళను కటింగు మాస్టరనేవారు. అదే మిషను నడిపినా అమ్మ పాతికేళ్ళూ "ఏమ్మాయ్" గానే ఉండిపోయింది. చీటీలో సంతకం కింద కూడా హెల్పరు అనే ఉంది. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి నొక్కి, తెర దగ్గరికి జరిగింది.

"కటింగు మాస్టరని రాయండి," అంది, వీధంతా వినిపించేలా.