ఎడమవైపు మేకు

గున్నమ్మకు నోట్లో ఒక్క పన్ను లేదు. కింది దవడ ఎముకలో రెండు మేకులు దింపించి, వాటి మీద కట్టుడు పళ్ళు టక్కుమని కూర్చునేలా చేయించాడు తమ్ముడు సూర్యప్రకాష్. డాక్టర్లు వాటిని ఇంప్లాంట్లంటారు. అంతకుముందు కింది సెట్టు మాట్లాడితే లేచేది, నవ్వితే జారేది. మేకులు పడ్డాక ఆవిడ మళ్ళీ రొట్టె నమిలింది, పక్కింటివాళ్ళతో తగాదా కూడా పెట్టుకుంది. భార్య పోయాక చప్పుడు లేకుండా పోయిన స్మృతి నగర్ ఇంట్లో, అక్క తగాదాలు వినడం కూడా సూర్యప్రకాష్‌కి హాయిగానే ఉండేది.

ఇప్పుడు ఎడమ మేకు చుట్టూ చిగుళ్ళు వాచాయి. సెట్టు తీస్తే నెత్తురు.

పళ్ళ డాక్టర్ ఛాయ స్టీలు ప్లాంటు వాళ్ళ సెక్టర్ సిక్స్ క్వార్టర్లలో పెరిగిన తెలుగుపిల్లే. ఎక్స్‌రే వెలుగుకి పెట్టి చూపించింది.

"ఎముక అరిగి కిందికి దిగిపోతోంది అంకుల్. ఇలాగే పోతే మేకు కదిలిపోద్ది, తీసెయ్యాలి. ఈ వయసులో మళ్ళీ వెయ్యడం కష్టం. పాత జారుడు సెట్టే గతి."

సూర్యప్రకాష్‌కి భార్య చివరి రోజులు గుర్తొచ్చాయి, చెంచాతో పట్టిన జావ గుర్తొచ్చింది. ఇంకో మనిషి జావ మీద బతకడం చూసే ఓపిక అతనికి లేదు.

"అమ్మమ్మా, గుడాఖు రాస్తున్నావా?" అనడిగింది ఛాయ.

పొగాకూ బెల్లమూ కలిపిన నల్లటి ముద్ద అది. ఈ హిందీ ఊళ్ళో వాళ్ళు పొద్దున్నే పళ్ళకి రుద్దుకుంటారు.

"లేదమ్మా," అన్నాడు సూర్యప్రకాష్. "చుట్టే మానేసిన మనిషి. మన తెలుగోళ్ళకి గుడాఖు ఏటి?"

గున్నమ్మ ఫ్యాను వైపు చూసింది. ఛాయ పళ్ళసెట్టు తిరగేసి చూపించింది. అడుగంతా గోధుమరంగు మరక.

"నానేటి సరదాకి రాసినానా?" అంది గున్నమ్మ. "పాలు తెచ్చే కుసుమ సెప్పింది, పళ్ళు గట్టిపడతాయని. నాకున్న పళ్ళు ఆ రెండు మేకులే కదా. ఆటికే రాసినాను. ఒక్క పూట మానలేదు."

ఛాయ నవ్వు ఆపుకుంది. "ఆ శ్రద్ధ బ్రష్ మీద పెట్టుంటే బావుండేది అమ్మమ్మా. అది మందు కాదు, పొగాకు. చిగుళ్ళనీ ఎముకనీ తినేస్తాది. రాత్రి పళ్ళు తీసి పడుకోవాలి. మెత్తటి బ్రష్‌తో మేకుల చుట్టూ రోజూ తోమాలి. లోపల నేను శుభ్రం చేస్తాను. పోయిన ఎముక రాదు, ఉన్నది నిలుస్తుందో లేదో చూద్దాం."

గుడాఖు మానాక గున్నమ్మకి తలపోటు, చిరాకు. గేటు దగ్గరే కుసుమని తిట్టింది, కుసుమ వెళ్ళిపోయాక తమ్ముణ్ణి తిట్టింది. తోమబోతే ఆవిడ చెయ్యి వణికి బ్రష్ మేకుకి తప్ప అన్నిటికీ తగిలేది.

"ఇలా తే అప్పా, నేను తోముతాను."

"బోసినోరు తమ్ముడికి సూపించాలా? సచ్చినా సూపించను."

ఒక సాయంత్రం వాష్‌బేసిన్‌లో మళ్ళీ నెత్తురు పడింది. ఆవిడ తనే వచ్చి, ట్యూబ్‌లైటు కింద స్టూలు మీద కూర్చుంది.

"నువ్వు కళ్ళు మూసుకుని తోము."

"మూసుకుంటే మేకెక్కడ కనబడుద్ది?"

"అయితే మాటాడకు."

అప్పట్నుంచి అతనే తోమాడు. కొన్ని పూటలు ఆ చిన్న బ్రష్ కూడా రిటైరయ్యేదాకా ప్లాంటులో మోసిన పానాలా బరువుగా ఉండేది. ఒకరోజు బ్రష్ తెల్లగానే బయటికొచ్చింది. కడిగి, గ్లాసులో పెట్టాడు. ఆ పూట టీ కాస్త తీయగా కలుపుకున్నాడు.

వానలు వెలిశాక మళ్ళీ ఎక్స్‌రే తీశారు.

"ఆగింది అంకుల్," అంది ఛాయ. "ఎముక అక్కడే ఆగింది. మేకు ఉంటాది. కానీ తోమడం మాత్రం ఎప్పటికీ ఆపకూడదు."

"ఎప్పటికీ అంటే?" అంది గున్నమ్మ.

"నువ్వున్నంతకాలం అమ్మమ్మా."

గున్నమ్మ తమ్ముడి నెరిసిన తలవైపు చూసింది. "ఈడికీ డెబ్బై దాటినాయమ్మా. రేపు ఈడి సెయ్యీ ఒణికితే ఏటి సేసీది?"

"అప్పుడు నువ్వు నోరు ఇంకాస్త పెద్దగా తెరుద్దువుగాని. కుర్చీ దిగు," అని సూర్యప్రకాష్ ఆవిడకి చెయ్యందించాడు.